స్టేషన్‌కు కనబడేది కొట్టిన రాత్రి ఒక్కటే

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను ఒక మాట అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లూ పిల్లల్నీ సరిగా చూసుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడక దగ్గర కాదంటే, వంట కుదరకపోతే, అత్తమామలను లెక్క చేయకపోతే, నడవడి మీద అనుమానం వస్తే, వీటిలో ఏ ఒక్కదానికైనా మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబేనా అని. తెలంగాణలో నూటికి 84 మంది దాకా సబబే అన్నారు. అదే సర్వేలో, ఈ రాష్ట్రంలో 18 నుంచి 49 ఏళ్ళ లోపు పెళ్ళయిన ఆడవాళ్ళలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 29.3. రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే మొదటి చిక్కు తెలుస్తుంది. కొట్టడం సబబేననుకునే మనిషి తనకు జరుగుతున్నది హింస అనుకోదు. హింస అనుకోనప్పుడు స్టేషన్ మెట్లెక్కే ప్రశ్నే రాదు. దేశవ్యాప్తంగా చూస్తే హింసకు గురైనవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మందే. వాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటికి. పోలీసుల దాకా వచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది.

అందుకే హైదరాబాద్‌లో పోలీసులు బాధితురాలికి ఎలా సాయపడతారన్న కథ ఎప్పుడూ సగంలోంచే మొదలవుతుంది. ఏళ్ళ తరబడి నడిచిన వ్యవహారం ఒక రాత్రి శ్రుతి మించుతుంది. ఎవరో 100కు ఫోన్ చేస్తారు. పెట్రోలింగ్ బండి వస్తుంది. "ఏమైందమ్మా?" అని అడుగుతారు. ఇవాళ ఏం జరిగిందన్నది వాళ్ళకు కావాలి. ఆమె దగ్గరున్న జవాబు ఇవాళ్టిది కాదు. స్టేషన్ పనంతా సంఘటన మీద నడుస్తుంది: తేదీ, వేళ, చోటు, దెబ్బ. ఇంట్లో హింస నడిచేది అలవాటు మీద. ఈ రెంటికీ పొంతన కుదిరినచోట పోలీసు సాయం గట్టిగానే అందుతోంది. కుదరనిచోట "మొగుడూ పెళ్ళాల గొడవ, సర్దిచెప్పి పంపినం" అనే ఒక్క ముక్కతో తెల్లారిపోతోంది.

చెయ్యి లేవకముందు

"కొట్టాడా?" పుట్టింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, ఆఫీసులో తోటివాళ్ళు ముందు అడిగేది ఇదే. లేదంటే చాలు, పెద్ద సమస్యేమీ కాదన్నట్టు మాట మారిపోతుంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న 2005 నాటి గృహహింస చట్టం మాత్రం దెబ్బను నాలుగింట ఒకటిగానే లెక్కేసింది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతో మనసును కుళ్ళబొడవడం, డబ్బు దగ్గర కట్టిపడేయడం, ఈ నాలుగూ ఆ చట్టం కింద హింసే. పడకగది సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళు దాటిన భార్యను భర్త బలవంతం చేస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత ఇప్పటికీ దాన్ని అత్యాచారంగా చూడదు. గృహహింస చట్టం మాత్రం లైంగిక హింసగానే చూస్తుంది. "మొగుడే కదా, కేసెట్లయితది?" అని ఎవరైనా కొట్టిపారేస్తే వాళ్ళకు సగం చట్టమే తెలుసన్నమాట.

నాలుగింటిలో అందరి కళ్ళూ కప్పేది డబ్బు హింస. మాదాపూర్‌లో ఉద్యోగం, నెల తిరిగేసరికి మంచి జీతం, పైనుంచి చూసేవాళ్ళకు స్వతంత్రంగా బతుకుతున్న మనిషి. తీరా చూస్తే జీతం పడే ఖాతా నంబరు ఆమెదే గానీ ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది, ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళ్తుంది. మెట్రో కార్డు రీచార్జికి కూడా అడగాలి. ఫ్లాటు ఆయన పేరు మీద, ఈఎంఐ ఆమె జీతంలోంచి. బస్తీలో అయితే ఇదే వ్యవహారం మరింత మోటుగా ఉంటుంది. నాలుగిళ్ళలో పాచిపని చేసి తెచ్చిన డబ్బు సాయంత్రానికి కల్లు దుకాణానికో వైన్స్‌కో వెళ్తుంది. ఇంటి అద్దె కట్టకుండా వదిలేసి ఓనరు ముందు ఆమెను నిలబెట్టడం కూడా చట్టం రాసుకున్న హింసల్లో ఒకటి. బంగారాన్ని "లాకర్లో భద్రంగా పెడదాం" అని తీసుకుని తర్వాత ఎక్కడుందో చెప్పకపోవడమూ అంతే. పుట్టింటివాళ్ళు పెట్టింది, పెళ్ళిలో చదివించింది స్త్రీధనం. అది ఎవరి బీరువాలో ఉన్నా ఆమెదే.

మామూలు కీచులాటకూ హింసకూ తేడా ఎక్కడుందని అడిగేవాళ్ళు చాలామంది. అడగాల్సిన ప్రశ్నే. కాపురమన్నాక గిన్నెలు మోగకుండా ఉండవు. ఎవరు గట్టిగా అరిచారన్నది కొలత కాదు, ఎవరు ఎవరికి భయపడుతున్నారన్నది కొలత. అక్కకు ఫోన్ చేయాలంటే ఆయన నిద్రపోయేదాకా ఆగడం, చాట్ చదివాక తుడిచేయడం, ఆఫీసులో మీటింగ్ పది నిమిషాలు పెరిగితే అరచేతులు చెమట పట్టడం, కూతుర్ని బడి దగ్గర దించి వస్తూ దారిలో ఆగినందుకు చెప్పాల్సిన జవాబు ముందే తయారుచేసుకోవడం. ప్రతి చిన్న పనికీ ముందు "ఆయనకు తెలిస్తే?" అన్న లెక్క నడుస్తుంటే, చెయ్యి ఇంకా లేవకపోయినా అక్కడ హింస ఉన్నట్టే. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలనడం, వీడియో కాల్ చేసి చుట్టూ ఎవరున్నారో చూపించమనడం ప్రేమగా చెలామణి అవుతున్నాయి. కొత్త కాపురాల్లో వీటిని చూసి మురిసిపోయే బంధువులు కూడా ఉన్నారు.

ఇక "తాగినప్పుడే అట్ల చేస్తడు, తాగకుంటే బంగారం" అన్న మాట. ఈ ఊళ్ళో ఇంతగా వినబడే సమర్థన మరొకటి లేదేమో. అదే మనిషి అదే మత్తులో శనివారం రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో దొరికితే కానిస్టేబుల్‌ను చేతులు కట్టుకుని "సార్" అంటాడు. ఎవరి మీద చెయ్యి చేసుకుంటే నడుస్తుందో ఎవరి మీద నడవదో మత్తులోనూ తెలుస్తోందన్నమాట. తాగుడు దెబ్బ తీవ్రతను పెంచుతుంది, నిజమే. అసలు దెబ్బకు కారణం అదే అనుకుంటే, మాన్పించే మందు కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ ఆమె ఇంకో ఐదేళ్ళు గడిపేస్తుంది.

కొన్ని గుర్తులను మాత్రం ఒక్కసారి కనబడినా తేలిగ్గా తీసుకోకూడదు. వాటిలో మొదటిది గొంతు పట్టుకోవడం. చెంపదెబ్బకూ గొంతు నులమడానికీ మధ్య మామూలు మనుషులు అంత తేడా చూడరు గానీ, ఈ విషయంలో ఏళ్ళుగా జరిగిన పరిశోధనలన్నీ చెప్పేది ఒకటే: ఒకసారి గొంతు పట్టుకున్న మనిషి తర్వాత చంపేదాకా వెళ్ళే ప్రమాదం చాలా ఎక్కువ. పైకి గాటు కూడా కనబడకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కంట్లో ఎర్రటి చుక్కలు ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కడుపుతో ఉన్నప్పుడు హింస మొదలవడం, కిరోసిన్, పెట్రోల్, కత్తి పేరు ఎత్తడం, "నువ్వు పోతే పిల్లల్ని చంపి నేనూ చస్తా" అనడం కూడా ఈ కోవలోనివే. మరో సంగతి, వదిలేసి వెళ్ళిపోతానని చెప్పినప్పుడూ, వెళ్ళిన కొత్తలోనూ ప్రమాదం పెరుగుతుంది. "అంత కష్టంగా ఉంటే వెళ్ళిపోవచ్చుగా" అని తేలిగ్గా అనేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. వెళ్ళేముందు ఎవరికీ తెలియనివ్వకుండా ఆధార్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం, మందుల చీటీలు ఒక నమ్మకస్తురాలి ఇంట్లో ఉంచడం పిరికితనం కాదు.

ఫోన్ చేశాక

ప్రమాదం అప్పుడే జరుగుతుంటే 100 లేదా 112. వచ్చే సిబ్బంది తరచుగా చేసే పొరపాటు, ఇద్దర్నీ హాల్లో సోఫాలో కూర్చోబెట్టి ఎదురెదురుగా అడగడం. అత్తమామలు పక్కనుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆయన చూస్తుండగా ఆమె నిజం చెప్పదు. "ఏం లేదు సార్, చిన్న గొడవ" అంటుంది. ఆ మాటే రికార్డవుతుంది. "నాతో పక్కకొచ్చి మాట్లాడండి" అని అడిగే హక్కు ఆమెకుంది, అడగకపోయినా అలా చేయడం వచ్చినవాళ్ళ బాధ్యత. చట్టం కూడా ఇక్కడ పోలీసుల మీద ఒక పని పెట్టింది. గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి సంగతి తెలిసిన పోలీసు అధికారి ఆమెకు కొన్ని విషయాలు తప్పక చెప్పాలి. కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వులు కోరవచ్చని, ఈ చట్టం కోసం ప్రభుత్వం నియమించిన రక్షణాధికారి ఉంటారని, సాయపడే సంస్థలున్నాయని, ఉచితంగా లాయరును ఇస్తారని, క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చని. స్టేషన్‌కు వెళ్ళొచ్చిన ఎవరినైనా అడిగి చూస్తే, ఈ ఐదింటిలో చివరిది తప్ప మిగతావి చెప్పారనే జవాబు అరుదుగా వస్తుంది.

తెల్లారాక ఎక్కడికి వెళ్ళాలన్నది రెండో ప్రశ్న. బేగంపేట, సరూర్‌నగర్ లాంటి చోట్ల మహిళా పోలీస్ స్టేషన్లున్నాయి, మామూలు స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. "ఇది మా పరిధి కాదు, అటు పోండి" అంటే ఆ మాటకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ జీరో ఎఫ్‌ఐఆర్‌ను రాతపూర్వకంగా ఒప్పుకుంది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని, నంబరు వేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాల్సిన పని పోలీసులదే. అత్తారిల్లు వరంగల్‌లోనో విశాఖలోనో ఉండి, ఆమె ఉప్పల్‌లో అమ్మ ఇంటికి వచ్చి తలదాచుకుంటే, ఆ ఉప్పల్‌లోనే క్రూరత్వం కేసు నడపొచ్చని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న భర్తల వ్యవహారాలకు రాష్ట్ర పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్‌ఆర్‌ఐ సెల్ ఉంది.

షీ టీమ్స్ పేరు అందరికీ తెలుసు. 2014 అక్టోబరులో అవి మొదలైంది రోడ్ల మీద, బస్టాపుల్లో, కాలేజీల దగ్గర ఆకతాయిల కోసం. ఇంటిలోపలి హింసకు ఇంకా పనికొచ్చే చోటు భరోసా కేంద్రం. 2016 మేలో సైఫాబాద్‌లోని హాకా భవన్‌లో మొదలైన ఈ కేంద్రంలో పోలీసు, కౌన్సెలరు, న్యాయ సలహా, వైద్య సాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. యూనిఫాం చూస్తేనే నోరు పెగలనివాళ్ళకు ఇది స్టేషన్ కన్నా నయం. మహిళా శిశు సంక్షేమ శాఖ నడిపే సఖి కేంద్రాల్లో ఐదు రోజుల దాకా ఉండేందుకు చోటు ఇస్తారు. 181కు ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం ఏదో చెబుతారు. లాయరు ఫీజు భయం ఉంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ ఆడమనిషికైనా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. దాని నంబరు 15100.

కౌన్సెలింగ్ అనే మలుపు

ఫిర్యాదు చేతికివ్వగానే చాలా చోట్ల మొదట వినబడే మాట "కౌన్సెలింగ్‌కు పిలుస్తాం". ఈ అలవాటును పూర్తిగా కొట్టిపారేయలేం. ఫిర్యాదు ఇచ్చేవాళ్ళలో చాలామంది మొగుడు జైలుకు పోవాలని రారు, ఆ కొట్టడం ఆగాలని వస్తారు. స్టేషన్‌కు పిలిచి గట్టిగా నాలుగు మాటలంటే ఆగే మనుషులూ ఉన్నారు. చిక్కేమిటంటే, పైకి రెండు పక్షాలకూ సమానంగా మాట్లాడినట్టుండే ఈ పద్ధతి హింసను తగాదాగా మార్చేస్తుంది. "ఆయన కొట్టొద్దు, నువ్వు ఎదురు మాట్లాడొద్దు" అని ఇద్దరికీ చెరో షరతు పెడతారు. ఎముక విరగ్గొట్టడానికీ జవాబు చెప్పడానికీ ఒకే తూకం. పైగా బయట బస్తీ పెద్దమనుషుల పంచాయతీ అప్పటికే రెండుసార్లు ఇదే తీర్పు ఇచ్చి ఉంటుంది. స్టేషన్‌లో మూడోసారి.

చట్టం ఏమంటోందో చూద్దాం. దాంపత్య వివాదాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చని సుప్రీంకోర్టు 2013లోనే ఒప్పుకుంది, కానీ దానికి గడువు పెట్టింది. నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ఆ విచారణ ముగించాలి. నగరంలో అయితే ఆ స్థాయి ఏసీపీది. అంటే కౌన్సెలింగ్ ఒక అవకాశమే తప్ప ఎఫ్‌ఐఆర్‌కు గడప కాదు. నెలల తరబడి "వచ్చే శనివారం రండి" అని తిప్పడానికి ఏ సెక్షనూ ఒప్పుకోదు. గాయం ఉన్నచోట, గొంతు పట్టుకున్నచోట, కట్నం కోసం తరిమేసినచోట కౌన్సెలింగ్‌కే పని లేదు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కట్టనంటే ఫిర్యాదును రాతపూర్వకంగా, పోస్టులో పై అధికారికి పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఒకవేళ రాజీకే ఆమె ఒప్పుకుంటే, "ఇకమీదట చెయ్యి చేసుకోను" అని ఆయన రాసిచ్చిన కాగితానికి ఒక కాపీ తప్పకుండా తీసుకోవాలి. ఇంతవరకు చెయ్యి చేసుకున్నానని ఒప్పుకున్న కాగితం కూడా అదే మరి.

గడులు గీసిన ఫారం

అలవాటును సంఘటనగా మార్చి కాగితం మీద పెట్టే సాధనం ఒకటి పద్దెనిమిదేళ్ళకు పైగా మన దగ్గరే ఉంది, వాడకమే తక్కువ. దాని పేరు గృహ సంఘటన నివేదిక. సిబ్బంది డీఐఆర్ అంటారు. గృహహింస నిబంధనల్లో మొట్టమొదటి ఫారం ఇదే. రక్షణాధికారి గానీ, నమోదైన సేవా సంస్థ గానీ నింపుతుంది. చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరో ఆడవాళ్ళ పక్కన కూర్చుని విని రాసినట్టుంటుంది. మాటల హింస కింద ఒక్కొక్కటిగా అడుగుతుంది: నడవడి మీద నింద వేశారా, కట్నం తేలేదని అవమానించారా, మగపిల్లవాడు పుట్టలేదని దెప్పారా, ఉద్యోగం చేయనివ్వలేదా, ఇల్లు దాటనివ్వలేదా, ఫలానా మనిషిని కలవొద్దన్నారా. డబ్బు కింద అడిగేవి కూడా అంతే సూక్ష్మం. తిండికీ బట్టకూ మందులకూ డబ్బివ్వలేదా, జీతం లాక్కున్నారా, ఇంట్లో ఏదైనా గది వాడుకోనివ్వలేదా, అద్దె కట్టలేదా. ప్రతిదానికీ ఎదురుగా తేదీ, వేళ, చోటు, చేసినవాళ్ళ పేరు రాసే గడులు. కింద, ఏ ఉత్తర్వులు కావాలి, ఏ సాయం కావాలి అని.

ఈ ఫారం నింపడానికి కూర్చుంటే రెండు పనులవుతాయి. ఇన్నాళ్ళూ "నా రాత" అనుకున్నది ఒక చట్టంలో గడులు గీసి మరీ అడిగే విషయమని ఆమెకు తెలుస్తుంది. రెండోది, కోర్టు నమ్మే రూపంలో కథ తయారవుతుంది. ఈ రెండో సంగతి ఈమధ్య మరీ ముఖ్యమైంది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచే వెళ్ళిన ఒక కేసును కొట్టేస్తూ సుప్రీంకోర్టు, భర్త బంధువులందరినీ గంపగుత్తగా ఇరికించే మామూలు ఆరోపణలు చెల్లవని గట్టిగా చెప్పింది. ఆ తీర్పును చూపించి "ఆడవాళ్ళ చట్టాలన్నీ దుర్వినియోగమే" అనేవాళ్ళ గొంతు పెరిగింది. తప్పుడు కేసులు లేవని ఎవరూ అనరు. కానీ ఆ తీర్పులోంచి నిజమైన బాధితురాలు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. "అత్తింటివాళ్ళందరూ వేధించారు" అని రాస్తే అది ఎవరినీ పట్టుకోదు. "సంక్రాంతి మర్నాడు, మా అత్త, వంటింట్లో, గరిటె కాల్చి ఎడమ ముంజేతి మీద పెట్టింది. మా తోటికోడలు చూసింది" అని రాస్తే నిలబడుతుంది. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర టైపు చేయించే పిటిషన్లు ఎక్కువగా మొదటి రకానివే. ఊరి పేర్లూ మనుషుల పేర్లూ మారతాయి, మిగతా వాక్యాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే.

ఆసుపత్రి కాగితం దగ్గర జరిగే పొరపాటు మరీ బాధాకరం. ఉస్మానియాకో గాంధీకో తీసుకెళ్ళేది సాధారణంగా కొట్టిన మనిషే. డాక్టరు అడిగితే "బాత్రూంలో జారిపడింది" అని ఆయనే జవాబు చెబుతాడు, ఆమె తలూపుతుంది. ఓపీ చీటీ మీద ఆ జారిపడటమే పడుతుంది. ఏడాది తర్వాత కోర్టులో అవతలి లాయరు ముందు తీసేది ఆ చీటీనే. డాక్టరును విడిగా చూడమని అడిగి, కొట్టారని చెబితే మెడికో లీగల్ కేసుగా రాస్తారు, గాయాల కొలతలు పడతాయి. ఫోన్‌లో మెసేజ్‌లు, వాయిస్ నోట్లు ఉంటే కత్తిరించి పంపుకోకుండా అసలు ఫోన్‌లోనే ఉంచాలి. 2025 జులైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య చాటుగా రికార్డు చేసిన మాటలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పాక వీటి విలువ పెరిగింది. పాతబస్తీలో ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మూడుసార్లు తలాక్ చెప్పి వదిలేసిన సందర్భమైతే ఆ మెసేజే నేరానికి రుజువు. 2019 చట్టం కింద దానికి మూడేళ్ళ దాకా జైలు.

అరెస్టు కాకపోతే?

ఎఫ్‌ఐఆర్ అయ్యాక చాలామంది కుంగిపోయేది ఇక్కడే. భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వానికి పెట్టే పాత 498ఏ, ఇప్పటి న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్ష, బెయిల్ దొరకని నేరం అని రాసి ఉంటుంది. అయినా ఆయన సాయంత్రానికి ఇంట్లో టీవీ ముందు ఉంటాడు. డబ్బు చేతులు మారిందనుకుంటారు. మారిన సందర్భాలు ఉండొచ్చు గానీ, చాలావరకు కారణం 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకవసరమో పోలీసులు కారణాలు రాయాలి, లేదంటే నోటీసిచ్చి విచారణకు పిలవాలి. అప్పటి 41ఏ నోటీసు ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద వస్తుంది. అంటే ఎఫ్‌ఐఆర్ శిక్షకు దారే తప్ప, ఆ రాత్రికి అడ్డుగోడ కాదు. కేసు పెట్టినందుకు కోపంతో ఉన్న మనిషి, అదే ఇల్లు, అదే తలుపు.

అడ్డుగోడ కావాలంటే రెండో దారి పట్టాలి. కోర్టు భాషలో డీవీసీ, అంటే డొమెస్టిక్ వయలెన్స్ కేసు. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు: కొట్టొద్దు, ఆమె ఆఫీసు దగ్గరికి రావొద్దు, ఫోన్ చేయొద్దు, నగలు అమ్మొద్దు. నివాస ఉత్తర్వు ఇవ్వొచ్చు: ఆమెను ఇంట్లోంచి గెంటేయొద్దు, అవసరమైతే ఆయనే బయటికి వెళ్ళాలి. ఇల్లు మామ పేరు మీద ఉందని గెంటేసే పాత ఎత్తును సుప్రీంకోర్టు 2020లో చెల్లదంది. ఆమె కాపురముంటున్న ఇల్లయితే చాలు, అందులో ఉండే హక్కు వస్తుంది, యాజమాన్యం కాదు. ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం కూడా ఇదే దరఖాస్తులో అడగొచ్చు. ప్రమాదం ఎక్కువుంటే అవతలివాళ్ళు రాకముందే మధ్యంతర ఉత్తర్వు దొరుకుతుంది. ఇది భార్యలకే కాదు. పింఛను లాక్కుని కొట్టే కొడుకు మీద తల్లి, ఆస్తి కోసం తరిమే అన్న మీద చెల్లి, పెళ్ళి కాకుండా ఒకే ఇంట్లో దంపతుల్లా ఉన్న మనిషి కూడా వేయొచ్చు. అత్త మీదా ఆడపడుచు మీదా కూడా వేయొచ్చు. మగవాళ్ళకు ఈ చట్టం లేదు. కొట్టించుకున్న మగవాడు మామూలు దాడి సెక్షన్ల కింద, కొడుకు చేతిలో నలిగే తండ్రి 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద వెళ్ళాలి.

అసలు పదును 31వ సెక్షన్‌లో ఉంది. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా. ఈ నేరం బెయిల్ దొరకనిది, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగలిగినది. ఉత్తర్వు మీరాడనడానికి ఆమె ఒక్కతి సాక్ష్యమే చాలని కూడా చట్టం చెప్పింది. ఇక్కడ స్టేషన్ పని తేలికవుతుంది. కథంతా మొదటినుంచి వినక్కర్లేదు. రావొద్దని కాగితం ఉంది, ఆయన వచ్చాడు, అంతే. సంఘటన మాత్రమే అర్థమయ్యే వ్యవస్థకు అర్థమయ్యే భాషలో అలవాటును మార్చి ఇచ్చేది ఈ ఉత్తర్వే. 85 కింద కేసు పెట్టినవాళ్ళందరూ దీన్ని కూడా అడగకపోవడం వల్ల చట్టంలో ఎక్కువ పని చేసే భాగం బీరువాలో ఉండిపోతోంది.

జాప్యం సంగతి దాచాల్సిన పని లేదు. మొదటి వాయిదా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో అని చట్టంలో ఉంది. నాంపల్లి కోర్టు వరండాల్లో నెలల పాపతో మొదటి వాయిదాకు వచ్చి, ఆ పాపను బడిలో వేశాక కూడా తిరుగుతున్నవాళ్ళు ఉంటారు. అందుకే తుది తీర్పు కోసం కాకుండా మధ్యంతర ఉత్తర్వు కోసం మొదటి రోజే పట్టుబట్టే లాయరు కావాలి.

మధ్యలో ఫిర్యాదు వెనక్కి తీసుకునేవాళ్ళూ చాలామందే. పిల్లల ఫీజు, తమ్ముడి పెళ్ళి సంబంధం, "బిడ్డా, ఏ ఇంట్ల లేదు గిది?" అన్న అమ్మ మాట. సిబ్బందికి ఇది విసుగు పుట్టిస్తుంది. రెండోసారి వస్తే "అప్పుడే చెప్పినం కదమ్మా" అంటారు. ఇలాంటి ఇల్లు వదలాలనుకునేవాళ్ళు తుదకు తెంచుకునేలోపు పలుమార్లు తిరిగివెళ్ళడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. ఒకసారి వెనక్కి తీసుకున్న ఫిర్యాదు రెండో ఫిర్యాదుకు అడ్డం కాదు. స్టేషన్ రికార్డులో ఉన్న మొదటి కాగితం రెండోదానికి బలమే అవుతుంది.

ఇక పక్క ఫ్లాటువాళ్ళ సంగతి. 85 కింద కేసు కట్టాలంటే ఫిర్యాదు ఆమె నుంచో, ఆమె బంధువుల నుంచో రావాలి, పొరుగువాళ్ళ ఫిర్యాదు సరిపోదు. గృహహింస చట్టంలో మాత్రం ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ ఉండదని 4వ సెక్షన్ హామీ ఇస్తోంది. అరుపులు వినబడిన రాత్రి 100కు చేసి అపార్ట్‌మెంట్ పేరు, బ్లాకు, అంతస్తు, లోపల పిల్లలున్నారా అన్నది చెబితే చాలు. బండి వచ్చినప్పుడు గేటు తీయడానికి వాచ్‌మన్ అసోసియేషన్ ప్రెసిడెంటు అనుమతి కోసం ఆగకుండా చూడటం కూడా పొరుగువాళ్ళు చేయగల పనే.